బట్టీ ముందు అనకూడని మాట

తొమ్మిదో వారం, మంగళవారం

ఇవాళ కూడా మా ఊరు తెల్లగుట్ట జంకు, అంటే భయం లెక్క, నాలుగే. వందకి నాలుగు. ఇరవై అయిదు సున్నపు బట్టీల్లో ఇరవై నాలుగు చోట్ల "సాగుద్ది" అన్నారు, ఒక్క మస్తాన్‌బీ "సాగదు" అంది. జవాబులు నమోదుచేసే పెట్టె ఆకుపచ్చ దీపం వెలిగించి "ఈ ఊరు ధైర్యంగా ఉంది" అని ముద్దుముద్దుగా పలికింది. దాన్ని ఎత్తి క్వారీ గోతిలో పడేద్దామనిపించింది గానీ, జీతంలో కోస్తారు.

కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడల్లా తన పనేమిటో రాయాలని ధర గది ఆఫీసు వాళ్ళ రూలు. రాస్తున్నాను. నా పేరు యలమంద. జంకు నమోదుదారుని. ఊళ్ళో జంకుల యలమంద అంటారు, పిల్లలైతే మొహం మీదే అంటారు. వారానికోసారి పెట్టె భుజాన వేసుకుని ప్రతి బట్టీకీ వెళ్ళి, బట్టీ నోటి ముందు నిలబడి యజమానిని ఒక్క ప్రశ్న అడగాలి: "వచ్చే మూడు నెలలు ఈ పని సాగుతుందా?" బట్టీలోంచి ఎంత పొగ వస్తోందో చెప్పడానికి మీటర్లున్నాయి. మనిషి లోపల ఎంత భయం ఉందో చెప్పే మీటరు ఇంకా పుట్టలేదు కాబట్టి నేనున్నాను. ఇళ్ళ దగ్గర అడిగితే జనం ఊరికే ఏడుస్తారని, పని జరిగే చోటే అడగాలని ఇంకో రూలు.

పదమూడో వారంలో వచ్చే జంకును బట్టి తరవాతి మూడు నెలల పొగ ధర, అంటే బట్టీ వదిలే పొగకి యజమాని కట్టాల్సిన సొమ్ము, తేలుస్తారు. జంకు నలభై లోపుంటే ధర ఒక మెట్టు ఎక్కుతుంది. నలభై చేరితే ఉన్నచోట ఆగుతుంది. అరవై చేరితే మూడో వంతు పడిపోతుంది. భయపడుతున్న ఊరిని ఇంకా బాదితే, శుభ్రమైన బట్టీలు కట్టడానికి ఎవరూ మిగలరని దీని వెనక ఆలోచన. ఆలోచన మంచిదే. ఈ అంకెలు మాత్రం బట్టీల వాళ్ళకి చెప్పకూడదు, చెబితే ఉద్యోగం పోతుంది.

మా అక్క సాంబ్రాజ్యం బట్టీ వరసలో చివరిది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆరలేదు. ఇవాళ నేను ప్రశ్న పూర్తిచేయకముందే "సాగుద్దిలే, రాసుకుని మజ్జిగ తాగు" అంది. లోపలి ఇటుక అరిగిపోయి, బయటి రేకు ఒకచోట ఎర్రబడటం మజ్జిగ తాగుతూ చూశాను. ఇంకొక్క మెట్టు ధర ఎక్కితే అక్క బట్టీ నిలవదు. ఆ సంగతి నాకు తెలుసు, అక్కకి తెలుసు, ఆమె దగ్గర పనిచేసే పద్నాలుగు మందికీ తెలుసు. తెలియంది భుజం మీది పెట్టెకే.

పదో వారం, గురువారం

గురవయ్య బట్టీ ఆరిపోయింది. మంగళవారం ఆయన కూడా "సాగుద్ది" అన్నాడు. ఇవాళ పొద్దున వెళ్ళేసరికి బట్టీ నోట్లోంచి పొగ లేదు, గురవయ్య అరుగు మీద పడుకుని పైకి చూస్తున్నాడు. మొన్నెందుకట్లా చెప్పావని అడిగాను. ఆయన నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు.

తప్పు నాదే, అడగకూడని ప్రశ్న అడిగాను. సున్నం కాల్చేవాళ్ళు మండే బట్టీ ముందు ఆరిపోయే మాట అనరు. మంట వింటుందంటారు. అన్నారంటే ఆ బట్టీకి మాట పడ్డట్టే. కూలీలు గంపలు దించేస్తారు, ఇక ఒక్క రాయి కూడా లోపలికి వేయరు. దాన్ని పూర్తిగా చల్లార్చి, కడిగి, కొత్త ఇటుక పేర్చి మళ్ళీ ముట్టించాలి. అది అయిదారు నెలల పని. సముద్రం బాపట్ల దాటి లోపలికి వచ్చేసింది, ఎండ గంట కొట్టాక మనుషులు వీధిలోకి రావడం మానేశారు, అయినా ఈ మాట పట్టింపు మాత్రం ఎక్కడికీ పోలేదు. నేనూ సున్నపు బట్టీల ఇంట్లో పుట్టినవాణ్ణే. ఆ మాట బట్టీ ముందు నా నోటివెంటా రాదు.

అందుకే తెల్లగుట్ట జంకు నాలుగు దాటదు. పక్క జిల్లా ఇటుక బట్టీల వాళ్ళకి ఈ పట్టింపు లేదు. నమోదుదారు కనపడగానే తల బాదుకుంటారట. వాళ్ళ జంకు డెబ్భై, వాళ్ళ పొగ ధర పడిపోయింది. అడగందే అమ్మైనా పెట్టదన్నారు, మా వాళ్ళు అడగరు. ఇక్కడ మూడుసార్లు వరసగా మెట్టెక్కింది. మా మంట సర్కారు తుమ్మ కంపతోనే, మళ్ళీ మొలిచే చెట్టు కాబట్టి దాని పొగకి ధర లేదు. ధరంతా రాయిలోంచి వచ్చే పొగకి. రాయి కాలకుండా సున్నం ఎలా వస్తుంది?

గురవయ్య బట్టీకి పెట్టె సున్నా వేసింది. ఆరిన బట్టీకి భయం ఉండదు కదా అని దాని లెక్క. సంవత్సరం చివరిదాకా జాబితాలో ఇరవై అయిదే ఉంటాయి, అందులో ఒకటి చచ్చిన ధైర్యవంతుడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పదకొండో వారం, ఆదివారం

ఇవాళ పెట్టె ఇంట్లో పడేసి టీ బంకుకి వెళ్ళాను. ఎండ గంటకి ముందు అందరూ అక్కడే ఉంటారు. బట్టీలు కనపడకుండా గోడ వైపు తిరిగి కూర్చోమని చెప్పి ఒక్కొక్కర్నే అడిగాను. మొదట నసిగారు. తరవాత చెరువు మదుం తెగినట్టు వచ్చింది. ఒకడు కూతురి చదువు మాన్పించాడట. ఒకడు కొత్త ఇటుకకి ఇచ్చిన బయానా వెనక్కి తీసుకున్నాడట, ధర ఎటు పోతుందో తెలియక. ఎక్కుతుందో ఆగుతుందో తెలిస్తే ఏదో ఒకటి చేద్దుము, తెలియకపోవడమే చంపుతోందన్నారు. మిగిలిన ఇరవై మూడు మందిలో పద్దెనిమిది మంది సాగదన్నారు. ప్రతి బట్టీకీ నాలుగు పాయింట్లు. మస్తాన్‌బీతో కలిపితే డెబ్భై ఆరు.

ఇంటికొచ్చి ధర గదిలో మా పైఅధికారి చంద్రకళ గారికి ఫోన్ చేశాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. పని జరిగే చోట పెట్టెలో పడని జవాబు జవాబు కాదన్నారు. బట్టీ ముందు ఎందుకు చెప్పరో వివరించాను. ఆ ఆచారాన్ని రూలులో ఎక్కడ ఇరికించమంటారని ఆవిడ నిజంగానే అడిగారు. ఈ ఊరికి టీ బంకు జవాబులు ఒప్పుకుంటే రేపు ప్రతి ఊరికీ ఒక టీ బంకు పుడుతుందన్నారు. ఆవిడ చెప్పిందీ నిజమే, అదే నాకు చిరాకు.

పదకొండో వారం, బుధవారం

మస్తాన్‌బీ మా ఇంటికి వచ్చింది. ఈ ఊళ్ళో పొగ పట్టే బట్టీ కట్టింది ఆమె ఒక్కతే. అందులో మంట లేదు, కరెంటుతో రాయిని కాలుస్తుంది, రాయి వదిలిన పొగను పట్టి గొట్టాల్లోంచి నేల అడుగుకి దించుతుంది. పొగ ధర ఒక్క పైసా కట్టదు. మంట లేదు కాబట్టి ఆమెకి మాట పట్టింపూ లేదు. అయినా వారం వారం సాగదంటుంది. క్షేమంగా ఉన్న ఒక్క బట్టీ ఎందుకు భయపడుతోందో ఇన్నాళ్ళూ నాకు అర్థం కాలేదు.

కూర్చోమన్నా కూర్చోలేదు. "అన్నా, ఊరందరి జంకూ ఒక్కసారి పెట్టెలో పోయాలని చూస్తన్నావంట. పోస్తే ధర పడుద్ది కదా. వాళ్ళ సున్నం చవకైతే నాది ఎవురు కొంటారు? పొగకి ధర ఉంటదని నమ్మి కట్టినా దాన్ని. నేను పడిపోతే ఈ ఊరికి ఇంకో పొగ పట్టే బట్టీ రాదు, రాసిపెట్టుకో."

మరి నువ్వే ప్రతి వారం సాగదంటున్నావు కదా అన్నాను. ధర పడిపోతుందేమోనని భయంగా ఉంది కాబట్టి ఉన్నమాట చెబుతున్నానంది. అప్పుడు నా నోరు ఆగలేదు. ఆమె ఏ భయంతో చెప్పినా పెట్టెకి ఒకటేనని, ఆమె సాగదన్న మాటే జంకును నాలుగు పాయింట్లు పైకి నెట్టి ధర పడే వైపు తోస్తోందని చెప్పేశాను. నలభై సంగతీ అరవై సంగతీ కూడా చెప్పాను. పదకొండేళ్ళలో మొదటిసారి ఈ రూలు తప్పాను.

ఆమె అప్పుడు కూర్చుంది. చీర కొంగుకి అంటిన సున్నం దులుపుకుంది. ఇక నుంచి అబద్ధం చెప్పమంటావా అని అడిగింది. ధర ఎక్కితే అక్క బట్టీ పోతుంది, పడితే మస్తాన్‌బీది పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"నేను సాగదనే అంటా. నా నాలుగూ తీసుకో. కానీ నలభై కాడ ఆపన్నా, అరవైకి పోనీమాక."

పన్నెండో వారం, శుక్రవారం

మొత్తానికి పని జరిగింది. సోమవారం గురవయ్య బట్టీ దగ్గర అందరినీ కూర్చోబెట్టాను. ఆ బట్టీలో మంట లేదు కాబట్టి అక్కడ ఏ మాటైనా అనొచ్చు. అంకెలన్నీ చెప్పాను. పది బట్టీలు సాగదంటే నలభై. మస్తాన్‌బీ ఒకటి. ఇంకా తొమ్మిది మంది తమ బట్టీ ముందు నిలబడి ఆ మాట అనాలి. అంటే తొమ్మిది బట్టీలు ఆరిపోతాయి. అన్నీ మెల్లగా చచ్చే బదులు తొమ్మిది ఆగి, మిగతా పద్నాలుగూ బతుకుతాయి.

అరుపులు అనుకున్నంత లేవలేదు. పదిహేను మంది అంటే ధరే పడిపోతుంది కదా, అప్పుడు ఇంకా సుఖం కదా అని ఒకరన్నారు. దానికి మా అక్క జవాబిచ్చింది. మస్తాన్‌బీ బట్టీ పడిపోతే ఈ ఊరిని నమ్మి ఎవడూ పెట్టుబడి పెట్టడని, ఇవాళ కాకపోతే రేపు అందరమూ ఆమె వెనకే నడవాల్సిన వాళ్ళమని చెప్పింది. అక్క మాటకి ఊళ్ళో విలువ ఉంది. ఆరిన బట్టీల కూలీలకి మళ్ళీ ముట్టించేదాకా మిగిలిన వాళ్ళు పని పంచాలని, పన్నెండు మందిని మస్తాన్‌బీ తీసుకోవాలని తేల్చుకుని, ఒట్టుగా తడి సున్నంలో చెయ్యి ముంచి గోడకి అద్దారు.

ఏ తొమ్మిది? లోపలి ఇటుక ఎవరిది బాగా అరిగిందో వాళ్ళవి, ఎలాగూ మార్చాల్సినవే కాబట్టి. ఎవరూ పోట్లాడుకోకుండా నేనే చూసి, ఎవరింటికి వాళ్ళకి విడిగా చెప్పాలని అందరూ నా మీద పెట్టారు. ధర్మరాజుని చేశారు నన్ను.

రెండు రోజులు రేకులు తడుముతూ తిరిగాను. తొమ్మిది పేర్లు రాశాను. మూడోది సాంబ్రాజ్యం.

ఆ పేరు కొట్టేశాను. ఇక్కడ దాచడానికి ఏమీ లేదు. దాని బదులు పేరయ్య పేరు రాశాను. పేరయ్య ఇటుక మార్చి ఏడాదే అయింది. నీ బట్టీకి వేడి చూపించే ఫొటో తీస్తే లోపల పగులు కనపడిందని అతనితో అబద్ధం చెప్పాను. అతను సరేనన్నాడు. అక్క అడిగింది, నాది బాగా అరిగింది కదరా అని. అంతకంటే పాడైనవి తొమ్మిది ఉన్నాయక్కా అన్నాను. నమ్మింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, నేను చెబితే ఎందుకు నమ్మదు?

పదమూడో వారం, సోమవారం

ఇది లెక్కలోకి వచ్చే రౌండు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టాను.

మస్తాన్‌బీ సాగదంది. తరవాత వరసగా వెళ్ళాను. సాగుద్దనాల్సిన వాళ్ళు సాగుద్దన్నారు, కళ్ళు దించుకుని. సాగదనాల్సిన మొదటి మనిషిని ప్రశ్న అడిగాను. అతను బట్టీకి దణ్ణం పెట్టి అన్నాడు. కూలీలు గంపలు బోర్లించారు. అతని ముసలి తల్లి గంప బోర్లించి దాని మీదే కూర్చుంది. పెట్టె "నమోదయింది" అంది. దాని గొంతు ఎప్పటిలాగే ముద్దుగా ఉంది.

అలా ఎనిమిది. ఎనిమిది చోట్లా గంపలు బోర్లపడ్డాయి. ఒకచోట ఎవరో ఏడిచారు, నేను తిరిగి చూడలేదు.

పేరయ్య దగ్గర ప్రశ్న అడిగాను. అతను బట్టీ గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. కొంచెం పక్కకి జరిగి మళ్ళీ పెట్టాడు. అక్కడా, ఇక్కడా, నాలుగు చోట్ల చూశాడు. తన చేతులతో పేర్చిన ఇటుక గట్టిగా ఉందో పగిలిందో సున్నం కాల్చేవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నా వైపు తిరిగి, నన్నే చూస్తూ "సాగుద్ది" అన్నాడు. ఇంకోసారి అడగలేకపోయాను. ఏ మొహంతో అడుగుతాను?

మస్తాన్‌బీతో కలిపి తొమ్మిది బట్టీలు, ముప్పై ఆరు. ధర ఎక్కుతుంది. ఎనిమిది మంది మంటలు ఆర్పుకున్నది వృథా. దారంతా అదే ఆలోచన. ఇంకా అడగాల్సినవాళ్ళు అయిదుగురు. అందులో నలుగురు సాగుద్దనాల్సిన వాళ్ళే, అలాగే అన్నారు. వాళ్ళని బతిమాలే మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

చివరిది అక్క. ఆమె పైట నడుముకి దోపి, చేతిలో పార పట్టుకుని నిలబడింది. వెనక పద్నాలుగు మంది గంపల్లో రాయి నింపుతున్నారు. పదకొండేళ్ళుగా ఈ బట్టీ ముందు "సాగుద్ది" వినలేక చచ్చాను. ఇవాళ ఆ మాటే వినాలనిపించింది. ఊరు ఏమైపోయినా సరే, అక్క "సాగుద్ది" అంటే చాలనిపించింది. సిగ్గుగా ఉంది గానీ నిజం.

ప్రశ్న అడిగాను. జవాబుకి బదులు అక్క నన్నే అడిగింది.

"ఎంతమంది అన్నార్రా?"

రౌండు పూర్తయ్యేదాకా చెప్పకూడదని రూలు. రూల్లేకపోయినా చెప్పేవాణ్ణి కాదు. నా మొహం చూసింది. చిన్నప్పుడు నేను ఎవరింట్లో ఏం పగలగొట్టి వచ్చానో ఆ మొహం చూసే చెప్పేది.

"ఒకటి తగ్గింది కదూ," అంది. పార గోడకి ఆనించింది. బట్టీ నోటి వైపు తిరిగి, వినపడాలన్నట్టు గట్టిగా అంది. "సాగదు."

వెనక గంపలు ఒకదాని తరవాత ఒకటి బోర్లపడటం విన్నాను. పెట్టె "నమోదయింది" అంది. సరిగా పడిందో లేదో మళ్ళీ చూడరా, నా గొంతు బొంగురు అంది అక్క. సరిగానే పడింది.

పదమూడో వారం, శుక్రవారం

జంకు నలభై. తెల్లగుట్ట పొగ ధర మరో మూడు నెలలు ఉన్నచోటే ఉంటుంది. పద్నాలుగు బట్టీలు మండుతున్నాయి, మస్తాన్‌బీ కరెంటు బట్టీ నడుస్తోంది. టీ బంకులో ఇటుక బయానాల మాట మళ్ళీ వినపడుతోంది. మూడు నెలల పాటు ధర కదలదని తెలిస్తే చాలు, మనిషి రేపటి గురించి మాట్లాడతాడు. పెట్టెను పైకి పంపమని చంద్రకళ గారి ఉత్తర్వు వచ్చింది. వారంలో నాలుగు నుంచి నలభైకి ఎలా పోయిందో విచారణ జరుగుతుందట. పుస్తకం మాత్రం పూర్తిచేసి పంపమన్నారు. పూర్తిచేస్తున్నాను.

పొద్దున అక్క వచ్చింది. పేరయ్య ఆమెకి చెప్పేశాడు, తన బట్టీకి పగులు లేదని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె నోరు తెరవకముందే నేను లేచి నిలబడ్డాను.

"పేరయ్యది నిరుడేసిన ఇటుక. ఆడెట్టా వచ్చాడ్రా నీ తొమ్మిదిలో?"

చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్ళ మంట, నీది ఆరిపోతుంటే చూడలేకపోయానన్నాను. ఆమె కరుగుతుందనుకున్నాను, కరగలేదు.

"ఆ ఎనిమిది మందికీ లేర్రా అక్కాతమ్ముళ్ళు? వాళ్ళ మంటలార్పి నాది దాచిపెట్టావు. నేను ఆర్పుకున్నానని ఇయ్యాల ఊరంతా దణ్ణాలు పెడతంది నాకు. ఆ దణ్ణాలు ఎట్టా తీసుకోమంటావు?"

పేరయ్యకి నిజం చెప్పావా అని అడిగింది. ఇంకా చెప్పలేదన్నాను. ముందు అతని దగ్గరికి వెళ్ళమంది, తరవాత ఎనిమిది ఇళ్ళకీ. తనూ వస్తానంది. నా తరఫున మాట్లాడటానికి కాదట, నేను మాటలు మార్చకుండా చూడటానికట.

పేరయ్య అంతా విని, సరే పో అన్నాడు. ఎనిమిదిలో మూడిళ్ళు అయ్యాయి. మొదటి ఇంట్లో తిట్టారు. రెండో ఇంట్లో మంచినీళ్ళిచ్చి తిట్టారు. మూడో ఇంట్లో గంప మీద కూర్చున్న ఆ ముసలావిడ అంతా విని, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ అరుగు మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. ఎండ గంట కొట్టడానికి ఇంకా గంట ఉంది, ఈ లోపల అయిదిళ్ళు తిరగాలి. నాలుగో ఇంటి ముందు అక్క చెప్పులు విప్పి నిలబడింది. నేను వెళ్ళేదాకా ఆమె గుమ్మం దాటదు.